ఎడమ చేతి ఫిల్ము

ముప్పై మూడేళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేశాను. అందులో చనిపోయినవాళ్ల కోసం పనిచేసింది మూడంటే మూడు రోజులు. రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడూ ట్రెయినింగులకు పాఠం చెప్పమని పిలుస్తుంటారు. పిల్లలు ఎప్పుడూ ఆ మూడు రోజుల గురించే అడుగుతారు. నేనూ చెబుతుంటాను. చెప్పీ చెప్పీ ఆ కథ నున్నగా అరిగిపోయింది. ఎక్కడ ఆగితే వినేవాళ్లు తలూపుతారో నాకు తెలిసిపోయింది. మనిషి తన తప్పు గురించి చెబుతూ మెప్పు సంపాదిస్తున్నాడంటే ఏదో తేడా ఉన్నట్టే. అందుకే ఈసారి ఎదురుగా ఎవరూ లేకుండా, కాగితం మీద పెడుతున్నాను.

మాది ఛత్తీస్‌గఢ్ కొసన ఉన్న కోంటా. నాన్నకు అక్కడ కిరాణా కొట్టు ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కొట్టు ముందు దోర్లీ మాట్లాడుతూ పెరిగాను. ఉద్యోగంలో చేరాక హల్బీ కూడా అబ్బింది. దక్షిణ బస్తర్‌లో ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో టెక్నీషియన్‌గా పనిచేశాను. ఏ ఊరో చెప్పను, ఎవరి పేర్లూ రాయను. తప్పు నాది. దానికి ఊరినీ తోటివాళ్లనూ సాక్ష్యానికి పిలవడం దేనికి?

పల్లెల నుంచి వచ్చేవాళ్లు ఎక్స్‌రేని ఫోటో అనేవారు, నన్ను ఫోటో సారు అనేవారు. ఛాతీ ఫోటో తీయించుకోవడానికి తలకు నూనె రాసుకుని, నున్నగా దువ్వుకుని వచ్చిన ముసలాయన ఒకాయన నాకింకా గుర్తు. నాతోపాటు డార్క్‌రూమ్‌లో ఒక సహాయకుడు ఉండేవాడు. హల్బా మనిషి, నాకంటే ఆరేళ్లు పెద్ద, అయినా నన్ను సాబ్ అనే పిలిచేవాడు. మాట తక్కువ. నేను గోడకు ఇవతల ఫిల్ము తీస్తే, అతను అవతల చీకట్లో దాన్ని కడిగేవాడు. ఇరవై ఏళ్లు అలా ఒకే గోడకు అటూ ఇటూ బతికాం.

ఫిల్ము కడగడమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. మందు నీళ్లలో ముంచి తీసి, తీగకు తగిలించి ఆరబెట్టాలి. ఆరేదాకా ఊళ్లకు పోయే ఆఖరి బస్సు ఆగదు కదా. ఆరాక రేపు వచ్చి తీసుకుపొమ్మనేవాళ్లం. డాక్టరు తడి ఫిల్మునే చూసి మందు రాసేసేవాడు కాబట్టి చాలామంది మళ్లీ వచ్చేవాళ్లు కాదు. అలా ఎవరూ తీసుకెళ్లని ఫిల్ములు ఖాకీ కవర్లలో స్టోర్‌రూమ్ నిండా పేరుకుపోయేవి. కవరు మీద పేరు, ఊరు, తేదీ రాయడం నా పని.

ఆ ప్రమాదం వేసవి మొదట్లో, ఒక పొద్దున జరిగింది. జగదల్‌పూర్ నుంచి కోంటా వైపు వస్తున్న ప్రైవేటు బస్సు తోంగ్‌పాల్ దాటాక రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని గుద్దుకుంది. ముందు భాగానికి మంటలు అంటుకున్నాయి. వెనక కూర్చున్నవాళ్లు అద్దాలు పగలగొట్టుకుని బయటపడ్డారు. పదకొండు మంది బయటపడలేదు.

మధ్యాహ్నానికి వాళ్లను మా ఆస్పత్రికి తెచ్చారు. నలుగురిని బంధువులు ముఖం చూసి గుర్తుపట్టారు. మిగతా ఏడుగురిని గుర్తుపట్టే వీలు లేదు. అంతకంటే వివరంగా రాయడం నాకిష్టం లేదు. రోడ్డు దగ్గర హడావుడిలో ఒంటి మీది గాజులు, గొలుసులు, గడియారాలు అన్నీ ఒకే సంచిలో వేసి తెచ్చారు. ఏది ఎవరి ఒంటిదో చెప్పగలిగేవాళ్లు లేరు.

పోస్టుమార్టం చేయాల్సిన డాక్టరమ్మ రాయ్‌పూర్‌లో చదువు ముగించి, ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేయాలనే బాండు మీద మా దగ్గరికి వచ్చి ఏడాది కాలేదు. డీఎన్‌ఏ పరీక్షకు నమూనాలు తీసి పంపింది. ఫలితం రావడానికి వారాలు పడుతుందన్నారు. మా మార్చురీలో ఇద్దరికి మించి చోటు లేదు. బయట ఎండలో ఏడు కుటుంబాల వాళ్లు కూర్చుని ఉన్నారు. అప్పుడామెకు తట్టింది. పాత విరుగుళ్లు, లోపల వేసిన రాడ్లు, ఎముకల తీరు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. ఇంట్లో పాత ఎక్స్‌రేలు ఉంటే తెమ్మందాం, పోల్చి చూద్దాం అంది. పోల్చేది ఎవరు? మాకు రేడియాలజిస్టు లేడు. ఆ పోస్టు నేను చేరిన నాటి నుంచీ ఖాళీయే. ఫిల్ము తీయడం నా పని, చదవడం కాదు. కానీ ఏళ్ల తరబడి చిన్న డాక్టర్లందరూ ఫిల్ము పట్టుకుని నా వైపే చూసేవారు, మీకేమనిపిస్తోంది అని. ఆ అలవాటు మనిషిని చెడగొడుతుంది. నేను చూస్తానన్నాను.

ఆ మధ్యాహ్నమంతా పోర్టబుల్ మెషీన్‌ను మార్చురీలోకి నెట్టుకెళ్లి ఒక్కొక్కరినీ తల నుంచి పాదాల దాకా తీశాను. కాలిన చేతులు ముడుచుకుపోతాయి, చాపడానికి రావు. బతికున్న మనిషికైతే ఇలా పెట్టు, అలా తిప్పు అని చెబుతాం. ఇక్కడ మనమే మెషీన్‌ను వంచాలి, మనమే వంగాలి. ఆరో నంబరు వేసిన స్త్రీ దగ్గరకు వచ్చేసరికి నా నడుము పట్టేసింది. ఆమె కుడి చెయ్యి ఛాతీకి అంటుకుపోయి ఉంది. దాన్ని విడిగా తీయాలంటే ఫిల్ము పెట్టిన క్యాసెట్టును ఏటవాలుగా పట్టుకుని రెండు మూడు సార్లు ప్రయత్నించాలి. మిగతావన్నీ వచ్చాయి కదా అనుకుని, కాగితం మీద "కుడి ముంజేయి – తర్వాత" అని రాసి బయటికి వచ్చేశాను.

మర్నాడు ఫిల్ములు రావడం మొదలైంది. ఒకాయన తన అన్న ఫిల్మును కిటికీ నుంచి ఊడబెరుక్కుని తెచ్చాడు. అద్దం బదులు మేకులు కొట్టి బిగించారట, నాలుగు మూలలా తుప్పు మరకలు. అయినా తొడలో రాడ్డు స్పష్టంగా కనిపించింది. మా ఫిల్ములో అదే రాడ్డు, అదే చోట అదే మర. అతను అన్నను తీసుకుని వెళ్లిపోయాడు. ఇంకొకరి భుజంలో ఎప్పటిదో నాటు తుపాకీ ఛర్రా ముక్క. ఇంకొకరి మెడ ఎముక తీరు. మధ్యాహ్నానికి ఏడుగురిలో ఐదుగురు తేలిపోయారు. గర్వం కలగలేదని అంటే అబద్ధం. పంచనామా కోసం వచ్చిన అధికారి తన చేత్తో నాకు చాయ్ అందించాడు. బంధువులు నేను వరండాలోకి వస్తే లేచి నిలబడుతున్నారు.

మిగిలింది ఇద్దరు స్త్రీలు, నాలుగో నంబరూ ఆరో నంబరూ. ఇద్దరిదీ పాతికలోపు వయసు, ఇంచుమించు ఒకే ఎత్తు. వాళ్ల కోసం వచ్చిన కుటుంబాలు కూడా రెండే. ఒకటి దగ్గరి టౌనులో కొట్టున్న తెలుగు వ్యాపారుల కుటుంబం. వాళ్ల కోడలు కోంటాలో పుట్టింటికి వెళ్తూ ఆ బస్సెక్కింది. మామగారు, భర్త వచ్చారు. మామగారు మా నాన్నను ఎరిగినవాడు. రెండోది, దోర్లా గిరిజన తల్లి ఒక్కతే. శబరి నది ఒడ్డున ఎక్కడో లోపలి ఊరు. ఆమె కూతురు తోంగ్‌పాల్ వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో వంట చేసేది. సెలవు పెట్టి ఇంటికి బయల్దేరింది.

ఆ తల్లి దగ్గర కాగితం ముక్క కూడా లేదు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నా బిడ్డకు ఎడమ చెయ్యి ఇరిగింది సారూ, పన్నెండేండ్లప్పుడు. చింతచెట్టు మీంచి పడ్డది. మా ఊళ్లె వెదురు బద్దలు కట్టిండ్రు, వంకర అతికింది. అప్పుడు నీ దగ్గరికే తెచ్చిన. నువ్వే ఫోటో తీసినవు. ఆరినంక ఇస్తనన్నవు. బండి పోతదని మేం ఎల్లిపోయినం. అది నీ కాడనే ఉండాలె."

తన ముంజేతిని ముందుకు చాపి, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన చూపించింది. "ఇగో, ఈడ. గిట్ల వంగి ఉంటది."

మూడు నెలల క్రితమే స్టోర్‌రూమ్‌కు చెదలు పట్టి, పాత ఫిల్ములన్నీ పనికిరానివిగా రాసి పంపించేశాం. ఆ మాటే చెప్పాను. డార్క్‌రూమ్ గుమ్మంలో నిలబడి వింటున్న నా సహాయకుడు, రెండు కట్టలు మిగిలిపోయాయి సాబ్, విరిగిన స్ట్రెచర్ వెనక ఉన్నాయి, చూసి రానా అని అడిగాడు. అప్పుడే వ్యాపారి కుటుంబం తెచ్చిన ఫైలు నా చేతికొచ్చింది. పోలిక కోసం ఇంకో రెండు ఫిల్ములు కడగాల్సి ఉంది. అవన్నీ తర్వాత, ముందు ఇవి కడుగు అన్నాను. అతను లోపలికి వెళ్లిపోయాడు.

ఫైల్లో ఉన్నది ఒక ప్రైవేటు క్లినిక్‌లో రెండేళ్ల క్రితం తీసిన ముంజేతి ఫిల్ము. స్కూటీ మీద నుంచి పడి చెయ్యి విరిగిందట. విరిగిన చోటు మణికట్టుకు కాస్త పైన. పక్కనే బియ్యపు గింజంత ముక్క ఒకటి విడివడి ఉంది. ఫిల్ము మణికట్టు దాకా రాలేదు, అక్కడి ఎముకలను పోల్చే వీల్లేదు. ముంజేతి ఫిల్మును ఇటు తిప్పి చూస్తే ఎడమ, అటు తిప్పి చూస్తే కుడి. అందుకే తీసేటప్పుడే మూలన సీసపు అక్షరం పెడతాం. ఆ ఫిల్ము మీద అక్షరం లేదు. కాబట్టి ఏ చెయ్యో మనిషినే అడగాలి.

నాలుగో నంబరు ఎడమ ముంజేతిలో పాత విరుగుడు ఉంది. ఆ ఫిల్ము అప్పటికే లైటు పెట్టె మీద వెలుగుతోంది. ఆరో నంబరు ఎడమ చేతిలో ఏమీ లేదు. భర్త బెంచీ మీద కూర్చుని నేల వైపు చూస్తున్నాడు. నేను అడిగిన తీరు ఇదీ: "ఎడమ చెయ్యే కదా?"

అతను తలూపాడు.

నేనేది అడిగినా అతను తలూపేవాడే. ఏ చెయ్యి అని అడగాల్సింది. అలా అడిగి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడాల్సింది. ట్రెయినింగుల్లో ఈ ఒక్క ముక్క మీదే గంటసేపు మాట్లాడతాను, పిల్లలు రాసుకుంటారు.

ఇద్దరు స్త్రీలకూ ఎడమ చెయ్యి విరిగిందంటున్నారు. విరిగిన ఎడమ చెయ్యి ఒక్కటే ఉంది. ఒకరి దగ్గర ఫిల్ము ఉంది, ఒకరి దగ్గర మాట ఉంది. నేను ఫిల్మును నమ్మాను. బియ్యపు గింజ ముక్క నాలుగో నంబరులో కనిపించకపోతే, రెండేళ్లలో కరిగిపోయి ఉంటుందనుకున్నాను. ఆ ఎముకలో వంకర ఉందే, సరైన పిండికట్టు వేసిన చెయ్యి అంత వంకరగా ఎందుకు అతుకుతుంది అనే ప్రశ్న వేసుకోలేదు. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. వాళ్లు మా వాళ్లు. మా నాన్న కొట్టుకు వచ్చి కూర్చునే మనిషి నా ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పని ముందు అయిపోవాలని నా మనసు తొందరపడింది. ఆ తల్లి ఒక మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె కోసం నాలో ఏ తొందరా లేదు.

డాక్టరమ్మ పక్కానా అని అడిగింది. పక్కా అన్నాను. ఆమె సంతకం పెట్టింది.

"మరి నా బిడ్డ చెయ్యి?" అని తల్లి అడిగింది.

చిన్నప్పటి విరుగుళ్లు పెద్దయ్యాక జాడ లేకుండా మానిపోతాయని చెప్పాను. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. ఆరో నంబరు నీ బిడ్డేనమ్మా, రేపు పొద్దున కాగితాలు, బండి రెండూ సిద్ధం చేస్తారు అన్నాను. ఆమె తన ముంజేతిని తానే ఒకసారి చూసుకుంది.

నాలుగో నంబరును వ్యాపారి కుటుంబం తీసుకెళ్లి పొద్దు గుంకకముందే దహనం చేసింది.

మూడో రోజు పొద్దున డాక్టరమ్మ ఫైళ్లు సర్దుతూ నా కాగితం మీది "తర్వాత" దగ్గర ఆగింది. కుడి ముంజేయి ఫిల్ము ఏది అని అడిగింది. అంతా తేలిపోయాక అదెందుకని గొణుక్కుంటూ వెళ్లి తీశాను. మూడోసారికి సరిగ్గా పడింది. నా సహాయకుడు దాన్ని కడిగి, నీళ్లు కారుతుండగానే తెచ్చి లైటు పెట్టె మీద పెట్టాడు. మామూలుగా పెట్టి వెళ్లిపోతాడు. ఆ రోజు వెళ్లలేదు.

మణికట్టుకు కాస్త పైన మానిన విరుగుడు. పక్కనే బియ్యపు గింజంత ముక్క.

వ్యాపారి ఫిల్మును ఫైల్లోంచి తీసి, తిరగేసి దాని పక్కన పెట్టాను. ఇంకేమీ చూడనక్కర్లేదు. అయినా నాలుగో నంబరు ఫిల్మును కూడా తీసి చూశాను. మణికట్టుకు నాలుగు వేళ్ల పైన ఎముక వంగి ఉంది, ఆ తల్లి తన చేతి మీద చూపించిన చోటే.

డాక్టరమ్మ విషయం పైవాళ్లకు తెలియజేసింది. పైనున్న ఒకరు ఆమెతో, ఒకరి దహనం అయిపోయింది, ఇంకొకరికి కూడా ఎవరో ఒకరు దక్కుతున్నారు, ఇప్పుడు కదిపి ఇద్దరినీ రెండోసారి ఏడిపించడం దేనికి అన్నారట. ఆమె ఒప్పుకోలేదు. నన్ను పిలిచి, చెప్పేది మీరేనా నన్ను చెప్పమంటారా అని అడిగింది. నేనే చెబుతానన్నాను. ఆ మాత్రం ధైర్యం నాకుంది. ట్రెయినింగుల్లో పిల్లలు తలూపేది ఇక్కడే.

మేం వెళ్లేసరికి వ్యాపారి ఇంట్లో అస్థికలు ఏరి తెచ్చి, కుండకు గుడ్డ కట్టి, వాకిట్లో పెట్టి ఉన్నారు. నేను నిలబడే చెప్పాను. భర్తకు మొదట అర్థం కాలేదు. మామగారికి అర్థమైంది.

"అంటే ఏంది? నిన్న మేం ఎవరికి నిప్పు పెట్టినం?"

చెప్పాను.

"ఆ పిల్లకు ఎవరన్న ఉన్నరా?"

"తల్లి ఉంది. ఆస్పత్రిలో కూర్చుంది."

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కొడుకు భుజం పట్టుకుని లేపి, కుండ తానే ఎత్తుకుని, మా జీపులో కూర్చున్నాడు.

ఆమె ఎక్స్‌రే గది ముందు వరండాలోనే ఉంది. బండి వస్తుందని మూట కట్టుకుని సిద్ధంగా కూర్చుంది. నేను ఎదురుగా నేల మీద కూర్చుని, నాకొచ్చిన దోర్లీలో కొంత, తెలుగులో కొంత, జరిగిందంతా చెప్పాను. పెద్దాయన కుండను ఆమె ముందు దించాడు. ఆమె రెండు చేతులూ దాని మీద ఆనించింది. తర్వాత పెద్దాయన కొడుకు వైపు చూసింది.

"ఏం చేసినవయ్యా నా బిడ్డకు?"

అతను ఒక్కొక్కటీ చెప్పాడు. నీళ్లు పోశాం, పసుపు పెట్టాం, కొత్త చీర కప్పాం, పూలు వేశాం.

"ఏ రంగు చీర?"

"ఎర్రది."

"ఏడ్చినవా?"

"ఏడ్చిన" అన్నాడతను. అప్పుడు కూడా ఏడుస్తూనే ఉన్నాడు.

ఆమె తల ఆడించింది. "మా ఇంట్ల మట్టిల పెడతం. కాల్చం" అంది. నింద వేస్తున్నట్టు కాదు. తెలియని మనిషికి తెలియజెప్పినట్టు.

వాళ్లు తమ మనిషి కోసం మార్చురీ వైపు వెళ్లారు. నేనూ లేవబోయాను.

"ఆ ఫోటో ఉంటె ఇట్ల కాకపోను గద సారూ" అంది.

"అవునమ్మా."

"వెతికినవా?"

అప్పటికి రెండు కుటుంబాలకు నిజం చెప్పి ఉన్నాను. నా దగ్గరున్న నిజమంతా ఖర్చయిపోయినట్టు అనిపించింది. ఇంకొక్కటి చెప్పే ఓపిక లేకపోయింది.

"వెతికినమ్మా. దొరకలేదు."

నా సహాయకుడు డార్క్‌రూమ్ గుమ్మంలో ఉన్నాడు. నా వైపు ఒక్కసారి చూసి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను, హెచ్చరికతో వదిలేశారు. తప్పును స్వయంగా బయటపెట్టింది టెక్నీషియనే అని డాక్టరమ్మ తన రిపోర్టులో రాసింది. వారాల తర్వాత డీఎన్‌ఏ ఫలితం వచ్చి, మేం రెండోసారి చెప్పిందే ఖాయం చేసింది. డాక్టరమ్మ రిపోర్టు ఎవరో పెద్దవాళ్ల కంట పడి, నన్ను ట్రెయినింగుకు పిలిచారు. ఒకటి రెండయింది, రెండు పదయ్యాయి. తప్పు ఒప్పుకున్న మనిషిగా నాకు పేరొచ్చింది.

ఆ మూడో రోజు గడిచి పది రోజులయ్యాక, పొద్దున్నే డ్యూటీకి వెళ్తే నా బల్ల మీద ఒక ఖాకీ కవరు ఉంది. ఒక పక్క చెదలు తిన్నాయి. మీద పిల్ల పేరు, శబరి ఒడ్డు ఊరి పేరు, పన్నెండేళ్ల కిందటి తేదీ. అంతా నా చేతిరాతే. నా సహాయకుడు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"రెండో కట్టలో, పైనుంచి మూడోది సాబ్."

అంతే అన్నాడు. ఎప్పుడు వెతికాడో, ఎందుకు వెతికాడో నేను అడగలేదు. రెండో కట్ట, పైనుంచి మూడోది. పది నిమిషాల పని. ఆ రోజు ఆ పది నిమిషాలు అతన్ని వెతకనిచ్చి ఉంటే, నాలుగో నంబరు ఎవరో అప్పటికప్పుడే తేలిపోయేది. చెయ్యి వంకర అలాగే ఉంది, చిన్న సైజులో.

ఆ కవరును ఇంటికి తీసుకెళ్లి బీరువాలో చీరల కింద పెట్టాను. వెళ్లి ఇచ్చేద్దామనే అనుకున్నాను. మొదట గాయం పచ్చిగా ఉందిలే, కొన్నాళ్లు పోనీ అనుకున్నాను. తర్వాత వర్షాలు, వాగులు. తర్వాత ఆ వైపు దారులు బాగోలేవన్నారు. కొన్నాళ్లకు, ఆమె మరిచిపోయి ఉంటుంది, మళ్లీ రేపడం ఎందుకు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రోజు డాక్టరమ్మతో పైనున్నవాళ్లు అన్న మాటే అదని నాకు చాలా ఏళ్లదాకా తట్టలేదు. నా సహాయకుడు నాకంటే ముందు రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో అతని గురించి నేనే మాట్లాడాను, నిజాయితీపరుడు అన్నాను. అతను కింద కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు. ఆ ఫిల్మేం చేశారు సాబ్ అని అతను ఒక్కసారి అడిగి ఉంటే వెంటనే వెళ్లేవాణ్నేమో. అడగలేదు. ఆ మరుసటి ఏడాది పోయాడు. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది.

పోయినేడు మాఘమాసంలో బయల్దేరాను. కోంటా దాకా బస్సు, అక్కడి నుంచి జీపు, జీపు దిగాక ఒక గంట నడక. ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ముసలిదైపోయింది. నేనూ అంతే. కాసేపు చూసి, "ఫోటో సారు" అంది. పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చింది.

కవరు ఇచ్చాను. ఫిల్ము పసుపు తిరిగింది. దాన్ని ఎలా పట్టుకుని చూడాలో చెప్పబోయాను. చెప్పక్కర్లేకుండానే ఎండకు ఎత్తి పట్టుకుంది. విరిగిన చోటు వేలితో చూపించాను. ఎముక చివర సన్నని నల్లగీత ఉంటే అదేందని అడిగింది. ఎదిగే పిల్లలకు అలా ఉంటుందని, ఎముక అక్కడి నుంచే పెరుగుతుందని చెప్పాను. చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నగుండెనా చెయ్యి" అంది.

తర్వాత దించి, ఒళ్లో పెట్టుకుంది.

"ఎప్పుడు దొరికింది?"

"అప్పుడే. పది రోజులకు."

ఆమె వేళ్ల మీద లెక్క చూసుకుంది. "వెతికిన అన్నవు ఆ రోజు."

"వెతకలేదు."

ఈ మాట అనడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అన్నాక తేలికపడతాననుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఆమె నా ముఖంలోకి చూస్తూ, గొంతు పెంచకుండా, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టే అడిగింది.

"పొద్దంత ఆడనే కూసున్న గద సారూ. నాకు చెప్తె నేను వెతుక్కోకపోదునా? చదువు రాదు గని, నా బిడ్డ చెయ్యి నాకు తెల్వదా?"

ఫిల్ము పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను పీట మీద చాలాసేపు కూర్చున్నాను. ఆమె మళ్లీ వాకిట్లోకి వచ్చి, చింతపండు ముందు కూర్చుని పనిలో పడింది. తల ఎత్తకుండానే, జీపు మూడింటికి పోతుందని చెప్పింది. నేను లేచాను.